తుపాను తర్వాత ఒడ్డున దొరికిన ఇనుము: బ్రష్షు పక్కన పెట్టి ముందు 112కి ఫోన్ చేయండి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ అమ్మమ్మగారిది వాకాడు మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. మొన్నటి తుపానుకు ఒడ్డు నిలువుగా కోసుకుపోయింది. మోచేతి పొడవున, సీసా ఆకారంలో తుప్పు పట్టిన ఇనుప వస్తువు ఒకటి, దానికి కాస్త దూరంలో ఏదో కట్టడం మూల ఒకటి బయటపడ్డాయి. మీ మామయ్య ఆ ఇనుమును బండి మీద ఇంటికి తెచ్చి పెరట్లో బోరింగు పక్కన పెట్టారు. ఎనభై ఎనిమిదేళ్ళ తాతయ్య అది జపాన్ యుద్ధం నాటి బాంబు అంటున్నారు. దాన్ని ఇనుప బ్రష్షుతో రుద్ది యూనివర్సిటీకి ఇవ్వొచ్చా, మన తీరంలో నిజంగా యుద్ధం జరిగిందా, ఇలాంటివి తుపానుకే ఎందుకు బయటపడతాయి అని అడిగారు.

చివరి రెండింటికి తీరిగ్గా జవాబు రాస్తాను. మొదటిదానికి మాత్రం ఇక్కడిదాకా చదవగానే మామయ్యకు ఫోన్ చేయండి. ఆ వస్తువును ఎవరూ ముట్టుకోవద్దు. రుద్దొద్దు, నీళ్ళు పోయొద్దు, పక్కకు జరపొద్దు, తిరిగి తీసుకెళ్ళి సముద్రంలో పడేయొద్దు. ఇంట్లోవాళ్ళూ ఇరుగుపొరుగువాళ్ళూ కనీసం వంద మీటర్ల అవతలికి, మధ్యలో ఒక గోడైనా అడ్డం ఉండేలా వెళ్ళిపోవాలి. తాతయ్యను మంచం మీద పడుకోబెట్టి వదిలి రాకూడదు, ఆయన్నీ తీసుకెళ్ళాలి. దూరంగా వెళ్ళాక 112కి ఫోన్ చేసి, తుపాను తర్వాత ఒడ్డున దొరికింది, ఇప్పుడు ఇంట్లో ఉంది అని ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మిగతాది బాంబ్ స్క్వాడ్ చూసుకుంటుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేను ఇరవై నాలుగేళ్ళు ఆర్మీలో ఉన్నాను. అందులో ఎక్కువ కాలం మందుగుండు డిపోల్లో, పేలకుండా మిగిలిపోయిన గుండ్లను గుర్తించి నాశనం చేసే పనిలో గడిచింది. మాది చిత్తూరు దగ్గర పల్లె, రిటైరయ్యాక తిరుపతిలో స్థిరపడ్డాను. మీ వస్తువు బాంబే అని ఫోటో కూడా చూడకుండా నేను అనలేను. కానీ మోచేతి పొడవు, సీసా ఆకారం, తెచ్చేటప్పుడు "సైజుకు మించిన బరువు" ఉందని మామయ్య అన్న మాట, ఈ మూడూ కలిస్తే ఫిరంగి గుండు అనుకునే మొదలుపెట్టాలి. కాదని తేలితే అందరికీ సంతోషమే.

"ఎనభై ఏళ్ళు ఉప్పునీళ్ళలో నానింది, లోపలి మందు ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది" అని మామయ్య అన్నారని రాశారు. ఈ మాట నేను సర్వీసులో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. దీపావళి టపాకాయలకు చెమ్మ తగిలితే తుస్సుమంటాయి కదా, అదే లెక్క ఇక్కడా అనుకుంటారు. గుండ్లలో నింపే టీఎన్‌టీ అనే పేలుడు మందు నీళ్ళలో దాదాపు కరగదు, చెమ్మకు పాడవదు. పైన ఇనుము పొరలు పొరలుగా ఊడిపోయినా లోపలి మందు నింపిన రోజున ఎలా ఉందో ఇంచుమించు అలాగే ఉంటుంది. ఇంకా పాతకాలపు గుండ్లలో పిక్రిక్ యాసిడ్ అనే మందు వాడేవారు. అది లోహంతో ఏళ్ళ తరబడి కలిసి ఉంటే, అసలు మందుకంటే చిన్న రాపిడికే అంటుకునే లవణాలుగా మారుతుంది. అంటే వయసుతో పాటు ప్రమాదం పెరిగే రకాలు కూడా ఉన్నాయి. ఇక ఫ్యూజు, అంటే గుండును పేల్చే భాగం, దాని సంగతి. అందులో సన్నటి స్ప్రింగులు, పిన్నులు ఉంటాయి, తయారైనప్పుడు అవి ఒకదాన్నొకటి ఆపి పట్టుకుని ఉంటాయి. తుప్పు వాటిలో ఏది తినేసిందో, ఏది మిగిలిందో పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు. బండి మీద గతుకుల్లో వచ్చినప్పుడు పేలలేదు కాబట్టి ఇక పేలదు అనుకోవడం కూడా తప్పే. పన్నెండు దెబ్బలకు ఏమీ కాక పదమూడో దెబ్బకు పేలినవి ఉన్నాయి.

ఇది నా కళ్ళతో చూసిన సంగతి. మేం పనిచేసిన ఒక చోట ఫైరింగ్ రేంజ్ అంచునే ఊరు ఉండేది. రేంజ్‌లో ప్రాక్టీసు అయ్యాక కొందరు రాత్రిపూట లోపలికి వచ్చి ఇత్తడి, రాగి ఏరుకుని పాత సామాన్లవాళ్ళకు అమ్ముకునేవారు. ఒకరోజు పొద్దున మమ్మల్ని పిలిచారు. చిన్న ఇల్లు, ముందు వేపచెట్టు. చెట్టు కింద తిరగలి రాయి, దాని పక్కన పిడి విరిగిన సుత్తి. కొన్ని అడుగుల దూరంలో రాగి పట్టీ ముక్క ఒకటి పడి ఉంది. సగం దాకా ఉలితో లేపి ఉంది, మిగతా సగానికి ఇనుము ఇంకా అంటుకునే ఉంది. ఆ పట్టీకి ఆ రోజుల్లో వంద రూపాయలు కూడా వచ్చేవి కావేమో. అతను బతికాడు, కుడిచెయ్యి లేదు. అతని కూతురు, ఆరేడేళ్ళ పిల్ల, నీళ్ళ చెంబు పట్టుకుని దగ్గరే నిలబడి ఉందట, ఒక కన్ను పోయింది. ఆ పిల్ల ఇప్పుడు మీ కంటే చాలా పెద్దదై ఉంటుంది. పెరటిలో బోరింగు పక్కన పెట్టారని మీరు రాసిన వాక్యం చదవగానే నాకు ఆ చెంబే గుర్తొచ్చింది. బోరింగు దగ్గరికి ఇంట్లో ప్రతి ఒక్కరూ పది నిమిషాలకొకసారి వస్తారు కదమ్మా.

ఆ రాగి పట్టీ గురించి ఒక మాట. ఫిరంగి గుండుకు అడుగుభాగం దగ్గర చుట్టూ రాగి పట్టీ ఒకటి ఉంటుంది. సముద్రంలో అయితే పచ్చగా మారి కనిపిస్తుంది. గుండును ఫిరంగితో కాల్చినప్పుడు గొట్టం లోపలి మెలికల గాడులు ఆ పట్టీ మీద ఏటవాలు గీతలు వేస్తాయి. పట్టీ నున్నగా ఉంటే ఆ గుండును ఎప్పుడూ కాల్చలేదని, గీతలుంటే కాల్చారు గానీ అది పేలలేదని అర్థం. రెండోది ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే దాని ఫ్యూజు అప్పటికే సిద్ధమైపోయి ఉంటుంది. ఇది మీరు వెళ్ళి చూడమని చెప్పడం లేదు. మామయ్య తెచ్చేటప్పుడు అలాంటి పచ్చటి చుట్టు కనిపించిందేమో గుర్తుంటే, పోలీసులకు ఆ మాట చెప్పమనండి. అది వాళ్ళకు చాలా పనికొస్తుంది.

"పోలీసులకు చెప్తే కేసు పెడతారేమో" అన్న భయం మీ ప్రశ్న చివర కనిపించింది. ఒడ్డున దొరికిందని తనంతట తానే చెప్పినవాడికి, దాచుకున్నవాడికి చాలా తేడా ఉంది. ఎంత త్వరగా చెప్తే మామయ్యకు అంత మంచిది. బాంబ్ స్క్వాడ్ వచ్చి చూసి, మందు ఉందని అనుమానం ఉంటే ఖాళీ జాగాలో గొయ్యి తీసి, ఇసుక బస్తాలు పేర్చి పేల్చేస్తారు. మీరు మ్యూజియంకి ఇద్దామనుకున్న వస్తువు అలా పోతుందని బాధ ఉంటుంది, నాకు తెలుసు. అయినా ఆ బాధ భరించదగినదే. విశాఖ మ్యూజియంలో జపాన్ విమానం వేసినా పేలని బాంబు ఒకటి ఉంది, వెళ్ళినప్పుడు చూడండి. అలాంటివి తెలిసినవాళ్ళు నిర్వీర్యం చేశాకే జనం ముందుకు వస్తాయి.

ఇక తాతయ్య చెప్పిన జపాన్ యుద్ధం. ఆయన మాట ఊరికే కొట్టిపారేసేది కాదు. 1942 మార్చి 23న జపాన్ అండమాన్‌ను ఆక్రమించుకుంది. ఏప్రిల్ 5న కొలంబో మీద, 9న ట్రింకోమలీ మీద జపాన్ విమానాలు దాడి చేశాయి. ఆ వారంలోనే అడ్మిరల్ ఒజావా నడిపిన ఇంకో నౌకాదళం బంగాళాఖాతంలోకి వచ్చి ఇరవైకి పైగా సరుకు ఓడలను ముంచింది. ఏప్రిల్ 6న దానిలోని ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలే విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు వేశాయి. మద్రాసులో ఆ నెలంతా జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్ళకు పోయారు. బాంబులు పడితే బోన్లు తెగి మృగాలు ఊరి మీద పడతాయని అక్కడి జంతుప్రదర్శనశాలలో పులులను, సింహాలను కాల్చేశారు. చిత్తూరులో ఆ వేసవిలో అద్దెకు గది దొరకలేదని, మద్రాసు నుంచి వచ్చిన ఒక కుటుంబం తమ పశువుల కొట్టం పక్క వసారాలో మూడు నెలలు ఉందని మా నాయన చెప్పేవాడు.

అయితే గూడూరు, సూళ్ళూరుపేట వైపు తీరంలో జపాన్ సైన్యం దిగలేదు. ముంచిన ఓడల సామానులో తేలేవి ఒడ్డుకు చేరవచ్చు, కాపలా దళాల సామాను ఒడ్డున మిగిలి ఉండవచ్చు, అంతే. అంతకంటే ముందు, మొదటి ప్రపంచ యుద్ధంలో 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మనీ నౌక ఎమ్డెన్ మద్రాసు మీద గుండ్లు కురిపించి నూనె ట్యాంకులు తగలబెట్టింది. మద్రాసు హైకోర్టు గోడ మీద ఇప్పటికీ దాని గుర్తుగా ఫలకం ఉంది. తమిళంలో గట్టిపిండాన్ని ఎమ్డన్ అని అనడం ఆ రాత్రి నుంచే మొదలైంది.

మీ తీరం కథ ఇంకా వెనక్కి పోతుంది. మీ అమ్మమ్మగారి మండలంలోనే దుగరాజపట్నం ఉంది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఆర్మగాన్ అని రాసుకున్నారు. 1620లలో ఈస్ట్ ఇండియా కంపెనీ అక్కడ వర్తక స్థావరం పెట్టి, ఫిరంగులు ఎక్కించి కోట కట్టుకుంది. కోరమాండల్ తీరంలో వాళ్ళ మొదటి కోట అదే. అక్కడ అధికారిగా చేసిన ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు జాగా సంపాదించాడు, ఆ మరుసటి ఏడాది మకాం అక్కడికి మారింది. ఆ జాగా ఇచ్చిన దామర్ల నాయకుల పైన ఉన్న రాజులు ఎవరనుకున్నారు? మనం ఆదివారం పూట పిల్లల్ని తీసుకెళ్ళే చంద్రగిరి కోటలోని రాజులే. దక్షిణాన పులికాట్‌లో డచ్చివాళ్ళ కోటతో పాటు తుపాకి మందు తయారీ కూడా ఉండేది. కాబట్టి మీ ఒడ్డున దొరికే గుండు నాలుగు వందల ఏళ్ళ నాటిది కూడా కావచ్చు. గుండ్రటి ఇనుప బంతులయితే ఆ అనుమానం బలపడుతుంది. సీసా ఆకారం మాత్రం గత నూటయాభై, నూటఅరవై ఏళ్ళ సంగతి.

సరే, తుపానుకే ఎందుకు బయటపడతాయి? సముద్రం ఎక్కడినుంచో తెచ్చి పడేస్తుందని అందరూ అనుకుంటారు. తేలే వస్తువు విషయంలో అది నిజం. బరువైనవాటిని మాత్రం సముద్రం మోసుకురాలేదు, అవి ముందునుంచీ అక్కడే ఉన్నాయి, పైనున్న ఇసుకే పోయింది. మామూలు రోజుల్లో చిన్న అలలు ఇసుకను కొంచెం కొంచెంగా పైకి తోసి ఒడ్డు మీద దిబ్బ కడతాయి. తుపాను అలలు నిటారుగా వచ్చి పడి ఆ దిబ్బను కోసి, ఇసుకను లోపలికి లాక్కెళ్ళి, ఒడ్డుకు కొంత దూరంలో నీళ్ళ కింద గట్టులా పోస్తాయి. ఒక్క రాత్రిలో మనిషి ఎత్తు ఇసుక పోవడం అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య మన తీరంలో కొత్తేమీ కాదు. తర్వాత సముద్రం నెమ్మదించాక అదే ఇసుక వారాల మీద, నెలల మీద తిరిగి వస్తుంది. మీకు ఇప్పుడు కనిపిస్తున్న కట్టడం మూల సంక్రాంతికి మళ్ళీ కనిపించకపోవచ్చు.

ఇందులో ఒక తిరకాసు ఉంది, చాలామంది చదువుకున్నవాళ్ళే పొరబడతారు. బరువైన వస్తువు చుట్టూ అల తిరిగినప్పుడల్లా దాని కింద ఇసుక లేచిపోయి అది కొంచెం కిందికి దిగుతుంది. తుపాను తర్వాత తుపాను అలా దిగి దిగి చివరికి కిందున్న గట్టి పొర మీద ఆగుతుంది. వేర్వేరు కాలాల వస్తువులన్నీ అదే పొర మీదికి చేరతాయి. అందుకే ఇనుప గుండు, కట్టడం మూల పక్కపక్కనే దొరికాయి కాబట్టి రెండూ ఒకే యుద్ధానివి అనుకోకండి. గుండు దిగుతూ వచ్చి ఆగింది. కట్టడం పునాదితో ఉంది కాబట్టి ఎక్కడ కట్టారో అక్కడే ఉంది.

నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది ఆ కట్టడమే. అండమాన్‌లో పనిచేసినప్పుడు పోర్ట్‌బ్లెయిర్ దగ్గర జపాన్‌వాళ్ళు కట్టిన కాంక్రీటు బంకరులోకి దిగాను. లోపల మోకాలి లోతు ఇసుక, మూలన పీతల బొరియలు, ఎదురుగా జానెడు ఎత్తు సందు. ఆ సందులోంచి చూస్తే బంకరు కట్టినవాడి లెక్క తెలిసిపోతుంది: ఒడ్డు ఎక్కడ ఉండేది, పడవ ఎక్కడ ఆగుతుందని అనుకున్నాడు, ఎంత దూరం నుంచి కాల్చాలనుకున్నాడు. 2004 భూకంపంలో ఆ ప్రాంతం దాదాపు మీటరు కుంగింది. ఒకప్పుడు పొడిగా ఉన్న చోట్లకు ఇప్పుడు పోటు నీళ్ళు వస్తున్నాయి. విశాఖ జాలారిపేట ఒడ్డున కూడా ఇసుక కోతకు ఇలాంటి పిల్‌బాక్స్, అంటే చిన్న కాంక్రీటు బంకరు, ఒకటి బయటపడింది, జపాన్ దిగుతుందన్న భయంతో మనవైపు కట్టుకున్నది. కాంక్రీటు కదలదు, తీరం కదులుతుంది. కట్టిన సంవత్సరం తెలిసిన కట్టడం ఒక్కటి దొరికితే, అప్పటి నుంచి సముద్రం ఎన్ని గజాలు లోపలికి వచ్చిందో టేపుతో కొలిచి చెప్పొచ్చు. వస్తువును ఇంటికి తెచ్చుకుంటే ఈ లెక్క పోతుంది, అందుకే దొరికిన చోటు అంత ముఖ్యం.

మీ కట్టడం బంకరేనని ముందే ఆశ పెట్టుకోవద్దు. కాంక్రీటులో ఇనుప ఊచలు కనిపిస్తే ఇరవయ్యో శతాబ్దానిదో ఆ తర్వాతదో అయి ఉంటుంది. ఇటుక, సున్నం గచ్చు అయితే ఇంకా పాతది కావచ్చు. ఉప్పు కొటారు గోడ, బకింగ్‌హాం కాలువ మీది ఏదైనా కట్టడం, ఊరు ముందుకు ఉన్నప్పటి మంచినీళ్ళ బావి ఒర, ఇవన్నీ నేను బంకరుకంటే ముందు అనుమానిస్తాను. బావి ఒర అయినా తక్కువేమీ కాదు. ఈరోజు అలలు కొట్టే చోట ఒకప్పుడు జనం మంచినీళ్ళు తోడుకున్నారంటే ఊరు ఎంత వెనక్కి జరిగిందో అదే సాక్ష్యం. మహాబలిపురం పక్కన సాలువన్‌కుప్పంలో 2004 సునామీకి ఇసుక కొట్టుకుపోయి శాసనాలున్న రాయి బయటపడితే, దాన్ని పట్టుకుని తవ్విన పురావస్తు శాఖకు ఇటుకతో కట్టిన సుబ్రహ్మణ్యస్వామి గుడి దొరికింది.

యుద్ధం నాటి కట్టడాలకు మన దేశంలో రక్షణ తక్కువ. పురావస్తువుగా లెక్కలోకి రావాలంటే చట్టం ప్రకారం సాధారణంగా వందేళ్ళు నిండాలి. 1942 నాటివి ఇంకా ఆ గీత దాటలేదు. అందుకే రోడ్డు వేసేవాళ్ళు పగలగొట్టినా, ఇటుకలు ఎవరైనా పట్టుకుపోయినా అడిగే దిక్కు ఉండదు. మీలాంటివాళ్ళు తీసిపెట్టుకునే కొలతలే మిగులుతాయి.

మీ తీరంలో జపాన్ బాంబుకంటే ఎక్కువగా దొరకగలిగినవి ఇంకో రెండు ఉన్నాయి, ఊళ్ళో పిల్లలకు చెప్పండి. ఒకటి, ఓడలూ విమానాలూ సముద్రంలో గుర్తు కోసం వదిలే పొగ గొట్టాలు. అల్యూమినియంతో మెరుస్తూ బొమ్మల్లా ఉంటాయి. కొన్నిట్లో ఫాస్ఫరస్ ఉంటుంది, గాలి తగిలి ఆరితే దానంతటదే అంటుకోవచ్చు. జర్మనీ బాల్టిక్ తీరంలో పాత బాంబుల ఫాస్ఫరస్ ముక్కలను పసుపు రంగు రాళ్ళనుకుని జేబులో వేసుకుని ఒళ్ళు కాల్చుకున్నవాళ్ళు ఉన్నారు. రెండోది, శ్రీహరికోట పక్కనే ఉంది కాబట్టి, రాకెట్ భాగాలు. 2023 జూలైలో ఆస్ట్రేలియా పశ్చిమ తీరానికి పెద్ద పీపా లాంటిది కొట్టుకొస్తే, మన పీఎస్ఎల్‌వీ రాకెట్ మూడో దశ అని తేలింది. మీరు చెప్పిన సీసా ఆకారాన్ని బట్టి మీది అది కాకపోవచ్చు. అయినా దొరికితే దానికీ ఇదే పద్ధతి: దూరం, ఫోన్.

పెరటి సంగతి తేలాక కట్టడం పని మొదలుపెట్టండి, ఆలస్యం చేస్తే ఇసుక కప్పేస్తుంది. పోలీసులు ఆ చోటు కూడా చూసి సరేనన్నాకే వెళ్ళండి, ఒక గుండు దొరికిన చోట ఇంకొకటి ఉండొచ్చు. ఆటు సమయంలో వెళ్ళండి. తవ్వొద్దు, కనిపించేదాన్నే కొలవండి. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి, పక్కన స్కేలో టేపో పెట్టి నాలుగు వైపులా ఫోటోలు తీయండి. ఒక ఇటుక పొడవు, వెడల్పు, మందం రాసుకోండి, గచ్చు రంగు రాసుకోండి. అక్కడి నుంచి కదలని గుర్తులు రెండింటికి, అంటే గుడికో తుపాను షెల్టరుకో, దూరం కొలవండి. కొబ్బరిచెట్టును గుర్తుగా పెట్టుకోవద్దు, వచ్చే తుపానుకు అది ఉండదు. ఆ కాగితాలు తీసుకుని తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ పురావస్తు శాఖకు వెళ్ళండి, మీరు చదివే చోటికి దగ్గరే. వట్టి ఇనుప ముక్కకంటే ఈ కొలతలనే వాళ్ళు ఎక్కువ ఆదరిస్తారు.

ఒంట్లో ఓపిక ఉంటే తాతయ్యనూ ఒకసారి ఒడ్డుకు తీసుకెళ్ళండి. ఆయన చిన్నప్పుడు పడవలు ఎక్కడ లాగి పెట్టేవారో, ఊరి చివరి ఇల్లు ఎక్కడ ఉండేదో చేత్తో చూపించమనండి. చూపించిన వైపు నీళ్ళే ఉంటే, ఒడ్డు నుంచి ఎంత దూరం అని అడిగి, ఆయన ఏ మాటల్లో చెప్తే ఆ మాటల్లోనే తారీఖు వేసి రాసుకోండి. ముందు మాత్రం మామయ్యకు ఫోన్. బాంబ్ స్క్వాడ్ వచ్చి ఏమన్నారో రాత్రికి ఇక్కడే ఒక్క ముక్క రాయండమ్మా, ఎదురుచూస్తుంటాను.